భారత మహిళా క్రికెట్ జట్టు వికాసం – రాయలసీమ క్రీడాకారిణుల భాగస్వామ్యం

(ప్రత్యేక వ్యాసం: పత్రికా ప్రతినిధులు, అధికారుల సమాచారార్థం)

2025 నవంబరు 2వ తేదీన నవీ ముంబయిలోని డి.వై. పాటిల్ క్రీడా మైదానంలో జరిగిన అంతిమ పోటీలో భారత మహిళా క్రికెట్ జట్టు దక్షిణాఫ్రికాపై 52 పరుగుల తేడాతో విజయం సాధించి తొలిసారిగా వన్డే ప్రపంచ కప్‌ను కైవసం చేసుకుంది. ఆనాడు మైదానంలోకి దిగిన పదకొండు మందిలో వైఎస్ఆర్ కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె గ్రామానికి చెందిన 21 సంవత్సరాల ఎడమచేతి వాటం స్పిన్ బౌలర్ కుమారి నల్లపురెడ్డి శ్రీచరణి ఒకరు. టోర్నమెంటులో ఆడిన 9 మ్యాచ్‌లలో ఆమె 14 వికెట్లు పడగొట్టారు. భారత బౌలర్లలో ఆమెకంటే ఎక్కువ వికెట్లు తీసినవారు 22 వికెట్లు సాధించిన దీప్తి శర్మ ఒక్కరే.

ఈ విజయం ఒక్క టోర్నమెంటుతో సమకూరినది కాదు. భారత మహిళా జట్టు తొలి టెస్టు ఆడిన నాటినుండి ప్రపంచ కప్ గెలిచేవరకు 49 సంవత్సరాలు గడిచాయి. ఆ కాలంలో అధిక భాగం మహిళా క్రీడాకారిణులు తగిన పారితోషికం లేకుండా, ప్రజల దృష్టికి దూరంగా ఆడవలసి వచ్చింది. ఆ ప్రస్థానమును, అందులో తెలుగు ప్రాంతాల పాత్రను, ముఖ్యంగా రాయలసీమ జిల్లాల భాగస్వామ్యమును ఈ వ్యాసం వివరిస్తుంది.

తొలి అడుగులు

మహిళల వన్డే ప్రపంచ కప్ పోటీలు 1973లో ఇంగ్లండులో ప్రారంభమయ్యాయి. పురుషుల తొలి ప్రపంచ కప్ 1975లో జరిగింది. అంటే ఈ విషయంలో మహిళలే రెండేళ్లు ముందున్నారు. అయితే ఆ తొలి పోటీలలో భారత జట్టు పాల్గొనలేదు. అదే 1973లో భారత మహిళా క్రికెట్ సంఘం లక్నోలో ఏర్పడింది. శ్రీ మహేంద్ర కుమార్ శర్మ దాని వ్యవస్థాపక కార్యదర్శిగా వ్యవహరించారు. అదే సంవత్సరం పుణేలో నిర్వహించిన తొలి జాతీయ స్థాయి పోటీలలో బొంబాయి, మహారాష్ట్ర, ఉత్తర ప్రదేశ్ జట్లు మూడు మాత్రమే పాల్గొన్నాయి.

1976 అక్టోబరు 31న బెంగళూరులో వెస్టిండీస్ జట్టుతో భారత మహిళలు తమ తొలి టెస్టును ప్రారంభించారు. శాంతా రంగస్వామి ఆ జట్టుకు నాయకత్వం వహించారు. అదే సంవత్సరం నవంబరులో పాట్నాలో వెస్టిండీస్‌పైనే తొలి టెస్టు విజయం లభించింది. 1978 జనవరి 1న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఇంగ్లండుతో తొలి వన్డే ఆడారు. ఆ సంవత్సరం ప్రపంచ కప్‌కు భారతదేశమే ఆతిథ్యమిచ్చింది. డయానా ఎడుల్జీ నాయకత్వంలోని భారత జట్టు తాను ఆడిన మూడు మ్యాచ్‌లలోనూ ఓటమి చవిచూసింది. ఆ ప్రపంచ కప్ విజేతను నిర్ణయించిన ఆస్ట్రేలియా – ఇంగ్లండు మ్యాచ్‌కు హైదరాబాదులోని లాల్ బహదూర్ స్టేడియం వేదిక కావడం తెలుగువారికి సంబంధించిన విశేషం.

మహిళా క్రికెట్ సంఘం ప్రధానంగా విరాళాలపై, నిర్వాహకుల సొంత శ్రమపై ఆధారపడి నడిచింది. క్రీడాకారిణులు రైలులో సాధారణ తరగతి పెట్టెలలో ప్రయాణించి, సామూహిక వసతి గదులలో నేలపై పడుకొని పోటీలలో పాల్గొన్న సందర్భాలను ఆ తరం వారు అనేక పర్యాయాలు గుర్తుచేసుకున్నారు. చాలామందికి ఆట ఉపాధి కాలేదు. రైల్వే ఉద్యోగమే వారికి ఆధారమైంది. దేశవాళీ పోటీలలో రైల్వే జట్టు దీర్ఘకాలం ఆధిపత్యం వహించడానికి ఇదే ముఖ్య కారణం. జీతమిచ్చే సంస్థ ఏదో, ప్రతిభ ఆ సంస్థకే చేరింది.

హైదరాబాదు అందించిన నాయకత్వం

తెలుగు ప్రాంతం నుండి జాతీయ జట్టుకు నాయకత్వం వహించిన వారిలో సికింద్రాబాదులో జన్మించిన పూర్ణిమా రావు ముందు వరుసలో నిలుస్తారు. 1995లో న్యూజిలాండులో జరిగిన శతాబ్ది టోర్నమెంటును భారత జట్టు ఆమె నాయకత్వంలోనే గెలుచుకుంది. తరువాతి కాలంలో ఆమె జాతీయ జట్టుకు శిక్షకురాలిగా కూడా సేవలందించారు.

రాజస్థాన్‌లోని జోధ్‌పూర్‌లో 1982లో జన్మించి, హైదరాబాదు – సికింద్రాబాదు జంట నగరాలలో పెరిగిన మిథాలీ రాజ్ ఈ క్రీడకు దేశంలో గుర్తింపు తెచ్చిన వ్యక్తి. 1999 జూన్ 26న ఐర్లండుపై తన తొలి వన్డేలోనే ఆమె 114 పరుగులు సాధించి అజేయంగా నిలిచారు. 2002లో టాంటన్‌లో ఇంగ్లండుపై టెస్టు మ్యాచ్‌లో 214 పరుగులు చేశారు. 2022 జూన్‌లో పదవీ విరమణ ప్రకటించే నాటికి 232 వన్డేలలో 7,805 పరుగులు ఆమె ఖాతాలో ఉన్నాయి. ఆమె నాయకత్వంలో భారత జట్టు 2005లోను, 2017లోను ప్రపంచ కప్ అంతిమ పోటీకి చేరింది.

2005లో రన్నరప్‌గా నిలిచిన జట్టు సభ్యులకు మ్యాచ్‌కు వేయి రూపాయల చొప్పున మాత్రమే లభించినట్లు మిథాలీ రాజ్ తరువాత ఒక ఇంటర్వ్యూలో వెల్లడించారు. ఎనిమిది మ్యాచ్‌లకు కలిపి ఆ మొత్తం ఎనిమిది వేల రూపాయలు.

విలీనం – వేతనం

అంతర్జాతీయ స్థాయిలో మహిళా క్రికెట్ మండలి 2005లో అంతర్జాతీయ క్రికెట్ మండలిలో కలిసింది. దానిని అనుసరించి భారత మహిళా క్రికెట్ సంఘం 2006లో భారత క్రికెట్ నియంత్రణ మండలి (బి.సి.సి.ఐ.)లో విలీనమైంది. దీనితో మైదానాలు, ప్రయాణం, వసతి, వైద్య సహాయం విషయాలలో మార్పు ప్రారంభమైంది. రాష్ట్ర క్రికెట్ సంఘాలు మహిళా జట్లను తయారుచేయవలసి వచ్చింది. అంతవరకు మహిళల కొరకు ప్రత్యేకంగా నడిచిన వ్యవస్థ స్థానంలో, పురుషుల క్రికెట్‌కు ఉన్న జిల్లా, రాష్ట్ర స్థాయి ఎంపిక విధానమే బాలికలకు కూడా అందుబాటులోకి వచ్చింది. ఒక గ్రామీణ బాలిక జాతీయ జట్టుకు చేరే మార్గం ఏర్పడినది ఈ విలీనం వలననే.

అయితే విలీనం జరిగిన వెంటనే ఆర్థిక భద్రత కలుగలేదు. మహిళా క్రీడాకారిణులకు తొలి వార్షిక కాంట్రాక్టులు 2015లో మాత్రమే లభించాయి. నాడు 'ఎ' శ్రేణికి 15 లక్షల రూపాయలు, 'బి' శ్రేణికి 10 లక్షల రూపాయలు నిర్ణయించారు. 2018లో ఈ మొత్తాలను 'ఎ' శ్రేణికి 50 లక్షలు, 'బి' శ్రేణికి 30 లక్షలకు పెంచి, 10 లక్షలతో 'సి' శ్రేణిని ప్రవేశపెట్టారు.

2017 జూలై 23న లార్డ్స్ మైదానంలో జరిగిన ప్రపంచ కప్ అంతిమ పోటీలో భారత జట్టు ఇంగ్లండు చేతిలో 9 పరుగుల తేడాతో ఓడిపోయింది. అంతకు మూడు రోజుల ముందు డెర్బీలో ఆస్ట్రేలియాపై సెమీఫైనల్‌లో హర్మన్‌ప్రీత్ కౌర్ 171 పరుగులతో అజేయంగా నిలిచిన ఇన్నింగ్స్ దేశమంతటా చర్చనీయాంశమైంది. మహిళా క్రికెట్‌కు ప్రేక్షకులు ఉన్నారన్న విషయం ఆ వేసవిలో రుజువైంది.

2022 అక్టోబరు 27న పురుషులతో సమానమైన మ్యాచ్ ఫీజును బి.సి.సి.ఐ. ప్రకటించింది. దీని ప్రకారం టెస్టుకు 15 లక్షలు, వన్డేకు 6 లక్షలు, టీ20 మ్యాచ్‌కు 3 లక్షల రూపాయలు నిర్ణయించారు. అయితే ఈ సమానత్వం మ్యాచ్ ఫీజుకు మాత్రమే పరిమితమైనదన్న విషయం గమనించదగినది. 2022–23 సంవత్సరపు వార్షిక కాంట్రాక్టులలో పురుషుల అత్యున్నత శ్రేణికి 7 కోట్ల రూపాయలు ఉండగా, మహిళల అత్యున్నత శ్రేణికి 50 లక్షలు ఉన్నది.

2023 మార్చిలో ఐదు జట్లతో మహిళల ప్రీమియర్ లీగ్ ప్రారంభమైంది. ఐదు జట్ల హక్కుల విక్రయం ద్వారా 4,669.99 కోట్ల రూపాయలు సమకూరాయి. జాతీయ జట్టుకు ఇంకా ఎంపిక కాని క్రీడాకారిణులకు సైతం ఈ లీగ్ జీవనోపాధినిచ్చింది. ఎంపిక సంఘాల దృష్టిలో పడేందుకు కొత్త ద్వారం తెరిచింది.

ఆంధ్ర ప్రాంతం నుండి జాతీయ జట్టుకు

2010 దశకంలో ఆంధ్ర క్రికెట్ సంఘం గుంటూరులో బాలికల కొరకు నివాస శిక్షణ అకాడమీని నిర్వహించింది. విశాఖపట్నానికి చెందిన స్నేహ దీప్తి 2013లో భారత టీ20 జట్టులో స్థానం పొందారు. కృష్ణా జిల్లాకు చెందిన వికెట్ కీపర్ రావి కల్పన 2015లో వన్డే జట్టులో ప్రవేశించారు. అదే జిల్లాకు చెందిన బ్యాటర్ సబ్బినేని మేఘన 2016లో టీ20, 2022లో వన్డే అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడారు.

అనంతరం రాయలసీమ వంతు వచ్చింది. కర్నూలు జిల్లా ఆదోనికి చెందిన ఎడమచేతి వాటం మీడియం పేస్ బౌలర్ అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియాపై టీ20లో భారత జట్టు తరఫున ప్రవేశించారు. అనంతపురం జిల్లాకు చెందిన ఎడమచేతి వాటం స్పిన్నర్ బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్‌పై తొలి మ్యాచ్ ఆడారు. అదే సంవత్సరం హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణ పతకం సాధించిన భారత బృందంలో ఆమె సభ్యురాలు. 2025లో కడప జిల్లా నుండి శ్రీచరణి వచ్చారు. మూడేళ్ల వ్యవధిలో మూడు పొరుగు జిల్లాల నుండి ముగ్గురు ఎడమచేతి వాటం బౌలర్లు జాతీయ జట్టుకు ఎంపిక కావడం రాయలసీమ క్రీడా చరిత్రలో విశేషం.

తెలంగాణ ప్రాంతం నుండి పేసర్ అరుంధతీ రెడ్డి 2018లో జాతీయ జట్టులోకి వచ్చి, 2025 ప్రపంచ కప్ బృందంలో కూడా స్థానం పొందారు. భద్రాచలానికి చెందిన గొంగడి త్రిష 2023, 2025 సంవత్సరాలలో అండర్–19 ప్రపంచ కప్ గెలిచిన జట్లలో ఉన్నారు. 2025 పోటీలలో 309 పరుగులు, 7 వికెట్లతో ఆమె టోర్నమెంటు ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికయ్యారు.

ఎర్రమల్లె నుండి నవీ ముంబయి వరకు

2004 ఆగస్టు 4న జన్మించిన శ్రీచరణి పాఠశాల దశలో ఖో–ఖో, బ్యాడ్మింటన్, పరుగు పందేలలో ఆసక్తి కనబరిచారు. క్రికెట్‌ను పూర్తిస్థాయిలో చేపట్టినది సుమారు 16వ ఏట. ఈ విషయంలో మేనమామ ప్రోత్సాహం ఆమెకు తోడ్పడింది. తొలుత పేస్ బౌలింగ్ చేసిన ఆమె తరువాత స్పిన్ వైపు మళ్లారు. ఆంధ్ర జట్టు తరఫున దేశవాళీ పోటీలలో చూపిన ప్రతిభ ఆమెను ప్రీమియర్ లీగ్ వరకు చేర్చింది.

2024 డిసెంబరులో బెంగళూరులో జరిగిన వేలంలో 10 లక్షల ప్రారంభ ధర గల ఆమెను ఢిల్లీ క్యాపిటల్స్ జట్టు 55 లక్షల రూపాయలకు తీసుకుంది. 2025 ఏప్రిల్ 27న కొలంబోలో శ్రీలంకపై ఆమె తొలి వన్డే ఆడారు. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండుపై తన తొలి టీ20 మ్యాచ్‌లో 12 పరుగులకు 4 వికెట్లు తీశారు. ఐదు మ్యాచ్‌ల ఆ సిరీస్‌ను భారత జట్టు 3–2 తేడాతో గెలుచుకోగా, 10 వికెట్లు తీసిన శ్రీచరణి సిరీస్ ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచారు.

ప్రపంచ కప్‌లో భారత జట్టు ప్రయాణం సాఫీగా సాగలేదు. విశాఖపట్నంలో అక్టోబరు 9న దక్షిణాఫ్రికా చేతిలోను, 12న ఆస్ట్రేలియా చేతిలోను మూడేసి వికెట్ల తేడాతో భారత్ ఓడిపోయింది. ఆస్ట్రేలియా 331 పరుగుల లక్ష్యాన్ని ఛేదించిన ఆ మ్యాచ్‌లో సైతం శ్రీచరణి 10 ఓవర్లలో 41 పరుగులు మాత్రమే ఇచ్చి 3 వికెట్లు తీశారు. పరుగులు ధారాళంగా వచ్చిన పిచ్‌పై, సొంత రాష్ట్ర ప్రేక్షకుల ఎదుట, ప్రపంచ విజేత జట్టుపై ఈ ప్రదర్శన ఇచ్చారు. అదే రోజున విశాఖ స్టేడియంలో ఒక ప్రేక్షక స్టాండుకు మిథాలీ రాజ్ పేరును, ఒక ద్వారానికి రావి కల్పన పేరును పెట్టడం జరిగింది.

అక్టోబరు 30న జరిగిన సెమీఫైనల్‌లో అదే ఆస్ట్రేలియాపై 339 పరుగుల లక్ష్యాన్ని జెమీమా రోడ్రిగ్స్ అజేయ 127 పరుగుల సహాయంతో భారత్ ఛేదించింది. అంతిమ పోటీలో భారత జట్టు 7 వికెట్లకు 298 పరుగులు చేసి, దక్షిణాఫ్రికాను 246 పరుగులకు కట్టడి చేసింది. షెఫాలీ వర్మ 87 పరుగులు చేయగా, దీప్తి శర్మ 58 పరుగులతో పాటు 5 వికెట్లు సాధించారు.

ప్రోత్సాహకాలు

ప్రపంచ కప్ గెలిచిన బృందానికి బి.సి.సి.ఐ. 51 కోట్ల రూపాయల నగదు పురస్కారం ప్రకటించింది. 2025 నవంబరు 7న శ్రీచరణి గౌరవ ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబు నాయుడు, మంత్రి శ్రీ నారా లోకేశ్‌లను కలిసిన సందర్భంగా రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు 2.5 కోట్ల రూపాయల నగదు, కడపలో 1,000 చదరపు గజాల ఇంటి స్థలం, గ్రూప్–1 స్థాయి ఉద్యోగం ప్రకటించింది. అదే నెలలో జరిగిన ప్రీమియర్ లీగ్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ ఆమెను 1.30 కోట్ల రూపాయలకు తిరిగి తీసుకుంది. అంతకుముందు 2024లో ఆమోదించిన రాష్ట్ర క్రీడా విధానంలో ప్రభుత్వోద్యోగాలలో క్రీడాకారుల రిజర్వేషన్‌ను 2 శాతం నుండి 3 శాతానికి పెంచారు.

2025 డిసెంబరులో దేశవాళీ సీనియర్ మహిళల పోటీలలో తుది జట్టులోని క్రీడాకారిణి రోజువారీ మ్యాచ్ ఫీజును 20 వేల నుండి 50 వేల రూపాయలకు పెంచుతూ బి.సి.సి.ఐ. నిర్ణయం తీసుకుంది. ప్రపంచ కప్ పురస్కారాలకంటే దీని ప్రభావం విస్తృతమైనది. పురస్కారం విజేత బృందానికి చేరుతుంది. దేశవాళీ ఫీజు రాష్ట్ర జట్టుకు ఆడే ప్రతి క్రీడాకారిణికీ చేరుతుంది. ఇరవై ఏళ్ల వయసులో ఆట కొనసాగించాలా, మానివేయాలా అన్నది ఒక కుటుంబం నిర్ణయించుకునే సమయంలో లెక్కకు వచ్చేది ఈ మొత్తమే.

ఇతర క్రీడలలో పరిస్థితి

ధనబలం గల నియంత్రణ మండలి అండ లేని క్రీడలలో మహిళా జాతీయ జట్ల ప్రగతి మరింత కష్టతరమైనది. భారత మహిళా రగ్బీ జట్టు పదిహేను మంది విభాగంలో తన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌ను 2018లో సింగపూర్‌లో ఆడింది. 2019 జూన్‌లో మనీలాలో సింగపూర్‌పై 21–19 తేడాతో తొలి విజయం సాధించింది. 1976లో మహిళా క్రికెట్ ఉన్న దశలో నేడు అనేక మహిళా క్రీడలు ఉన్నాయి. క్రికెట్ అనుభవం వాటికి నేర్పే పాఠం స్పష్టం: ప్రతిభ ముందే ఉంటుంది, దానిని నిలబెట్టే వ్యవస్థ తరువాత వస్తుంది. ఆ రెంటి మధ్య వ్యవధి ఎంత తగ్గితే అంత తక్కువ మంది క్రీడకు దూరమవుతారు.

మిగిలి ఉన్న కర్తవ్యం

క్రికెట్‌లో ఒక బాలిక ఎదుగుదల జిల్లా ఎంపికలతో మొదలై, ఆంధ్ర క్రికెట్ సంఘంలోని దక్షిణ మండలం, రాష్ట్ర జట్టు, అండర్–15, అండర్–19, అండర్–23, సీనియర్ జాతీయ పోటీలు, ప్రీమియర్ లీగ్, భారత్–ఎ జట్టు మీదుగా సాగుతుంది. చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు ఉమ్మడి జిల్లాలు దక్షిణ మండలం పరిధిలోనివి. ఈ క్రమంలో ప్రతి మెట్టూ బాలికను ఇంటికి మరింత దూరం తీసుకువెళుతుంది. ఖాజీపేట, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల గ్రామాల నుండి వచ్చే బాలిక మొదట కడపకు, ఆపై రాష్ట్ర శిబిరాలకు, చివరకు బెంగళూరులోని జాతీయ శిక్షణ కేంద్రానికి చేరవలసి ఉంటుంది. మొదటి మెట్టు, అనగా గ్రామం నుండి జిల్లా కేంద్రానికి రోజూ వచ్చి వెళ్లే ప్రయాణం, అన్నిటికంటే కష్టమైనది. ఆ దశలో పారితోషికం ఉండదు, గుర్తింపు ఉండదు, ఖర్చు మాత్రం ఉంటుంది.

కడపలో వై.ఎస్. రాజారెడ్డి – ఎ.సి.ఎ. క్రికెట్ స్టేడియం, డాక్టర్ వై.ఎస్.ఆర్. క్రీడా పాఠశాల ఉన్నాయి. మండల స్థాయిలో పాఠశాల మైదానాల నిర్వహణ, వ్యాయామ ఉపాధ్యాయుల సేవలు, మహిళా శిక్షకుల నియామకం, బాలికలకు సురక్షిత ప్రయాణ సౌకర్యం అనే నాలుగు అంశాలపై ఈ సంస్థలకు అందే ప్రతిభ ఆధారపడి ఉంటుంది. శ్రీచరణి 16వ ఏట ఆట మొదలుపెట్టి 21వ ఏట ప్రపంచ విజేత కావడం ఆమె పట్టుదలకు నిదర్శనం. మరొక గ్రామంలోని బాలికకు ఆ అవకాశం పదేళ్ల వయసులోనే లభించేలా చూడడం జిల్లా యంత్రాంగం, క్రీడా సంఘాలు, పాఠశాలల ఉమ్మడి బాధ్యత.

ముఖ్య ఘట్టాలు

1973 – భారత మహిళా క్రికెట్ సంఘం ఏర్పాటు; పుణేలో తొలి జాతీయ పోటీలు.
1976 – బెంగళూరులో తొలి టెస్టు. పాట్నాలో తొలి టెస్టు విజయం.
1978 – తొలి వన్డే. భారత్‌లో ప్రపంచ కప్. హైదరాబాదులో ఆస్ట్రేలియాకు టైటిల్.
1995 – పూర్ణిమా రావు నాయకత్వంలో న్యూజిలాండులో శతాబ్ది టోర్నమెంటు విజయం.
2005 – మిథాలీ రాజ్ నాయకత్వంలో తొలిసారి ప్రపంచ కప్ ఫైనల్ ప్రవేశం.
2006 – భారత క్రికెట్ నియంత్రణ మండలిలో విలీనం.
2015 – మహిళలకు తొలి వార్షిక కాంట్రాక్టులు.
2017 – లార్డ్స్‌లో 9 పరుగుల తేడాతో ఫైనల్ ఓటమి.
2022 – సమాన మ్యాచ్ ఫీజు. ఆదోని నుండి అంజలి శర్వాణి ప్రవేశం.
2023 – మహిళల ప్రీమియర్ లీగ్ ప్రారంభం. అనంతపురం నుండి బారెడ్డి అనూష ప్రవేశం. ఆసియా క్రీడల స్వర్ణం.
2025 – కడప జిల్లా నుండి శ్రీచరణి ప్రవేశం. నవంబరు 2న ప్రపంచ కప్ విజయం.